అరుగుదల పట్టీలు: పాత కీబోర్డులతో ఒక ప్రాజెక్టు డైరీ

ఆదివారం. ముందు నియమం

పనిబల్ల ఎదురుగా గోడకి ఓ కాగితం అంటించాను. అందులో ఉన్నది ఇంతే: పదాలు పేర్చకూడదు, బొమ్మ కట్టకూడదు, రంగు వేయకూడదు.

పాత కీబోర్డు కీలతో ఏదో చేస్తున్నానంటే వినేవాళ్లకు తట్టేవి రెండే. కీలను తెలుపు, బూడిద, నలుపు ఛాయలుగా వేరుచేసి ఎవరిదో ముఖం కట్టడం ఒకటి. ఊడదీసిన అక్షరాలతో ఓ సూక్తి రాయడం ఇంకోటి. రెండింటికీ ఓపిక కావాలి, కాదనను. కానీ అక్కడ కీయే ఎందుకు ఉండాలి? ముఖాన్ని గులకరాళ్లతోనూ కట్టొచ్చు. సూక్తిని సుద్దముక్కతోనూ రాయొచ్చు. కీబోర్డు భాగాలతో పని చేస్తున్నప్పుడు కీబోర్డుకు మాత్రమే ఉండే గుణం ఏదో పట్టుకోవాలి. లేకపోతే అది చవగ్గా దొరికిన ముడిసరుకు మాత్రమే అవుతుంది. ‘చెత్త నుంచి కళ’ అనే ముద్ర కూడా నాకు వద్దు. ఆ ముద్ర పడితే చూసేవాళ్లు మెచ్చుకునేది పనిని కాదు, పొదుపుని.

నేను పట్టుకున్న గుణం అరుగుదల. కొత్త కీ పైభాగం సన్నటి గరుకుతో తయారవుతుంది. వేళ్లు తగిలి తగిలి ఆ గరుకు చదునై నిగనిగలాడుతుంది. ఎవరూ గీయాలనుకోకుండా గీసిన గుర్తు అది. ఎవరి వేళ్లో తెలియదు. ఏం రాశారో తెలియదు. ఎంత నొక్కారో మాత్రం తెలుస్తుంది.

అందుకని ఒకటే నియమం పెట్టుకున్నాను. ప్రతి కీనీ మెరుపు తగ్గే వరసలో ఓ పొడవాటి పట్టీగా పేర్చాలి. బాగా మెరిసేది ఎడమ చివర, గరుకుగానే మిగిలిపోయింది కుడి చివర. కీ మీద ఏ అక్షరం ఉందన్నది లెక్కలోకి రాదు.

ఇలా ముందే నియమం రాసుకుని, ఫలితాన్ని దానికే వదిలేయడం కాన్సెప్చువల్ ఆర్ట్‌లో, అంటే వస్తువు కన్నా ఆలోచనే ముఖ్యమనే కళలో, పాత పద్ధతే. అమెరికా కళాకారుడు సాల్ లెవిట్ 1968లో మొదలుపెట్టిన గోడ చిత్రాల్లో చాలావాటికి ఆయన ఇచ్చింది సూచనల కాగితమే. గీసింది సహాయకులు. నాకు సహాయకులు లేరు కాబట్టి సూచనలూ నావే, స్క్రూడ్రైవరూ నాదే.

మంగళవారం రాత్రి. విప్పడం

నా దగ్గర చేరిన కుప్పలో ఎక్కువ భాగం రబ్బర్ డోమ్ కీబోర్డులు, అంటే ప్రతి కీ కింద చిన్న రబ్బరు బుడగ ఉండేవి. ఆఫీసులు మూటగట్టి పక్కన పడేసిన రకం. ప్రతి కీకీ విడి స్విచ్ ఉండే మెకానికల్‌వి కొన్నే. ల్యాప్‌టాప్ కీబోర్డుల్ని మొదట్లోనే తీసేశాను. వాటి కీలు పలచగా, చదునుగా ఉంటాయి. వీటి పక్కన పెడితే కొలత కుదరదు.

విప్పేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కనిపించే స్క్రూలన్నీ తీశాక కూడా పెట్టె తెరుచుకోకపోతే బలం ఉపయోగించకూడదు. అడుగున అంటించిన లేబుల్ మీద వేలితో నొక్కుతూ పోతే ఎక్కడో ఓ చోట గుంట తగులుతుంది. ఆఖరి స్క్రూ అక్కడ దాక్కుని ఉంటుంది.

లోపల పెద్దగా ఏమీ ఉండదు. డోమ్‌లున్న రబ్బరు పలక, దాని కింద మూడు పొరల పాలిస్టర్ షీటు, ఓ మూల చిన్న సర్క్యూట్ బోర్డు. మూడు పొరల్లో పైదానికీ కిందిదానికీ వెండి సిరాతో అచ్చువేసిన దారులుంటాయి. నడిమి పొరకు కీ ఉన్నచోటల్లా రంధ్రం ఉంటుంది. నొక్కితే పై దారి రంధ్రంలోంచి కింది దారిని తాకుతుంది. అక్షరం పుట్టేది అక్కడే. కీకో తీగ చొప్పున ఉండదు. దారులన్నీ అడ్డు వరసలు, నిలువు వరసలుగా అల్లుకుని ఉంటాయి. బోర్డు మీది కంట్రోలర్ చిప్ ఆ వరసల్ని సెకనుకు ఎన్నోసార్లు తడిమి ఏ కూడలి మూసుకుందో చూసుకుంటుంది. కొన్ని మూడు కీల జతలు ఒకేసారి నొక్కితే నాలుగోది కూడా నొక్కినట్టు కనిపించే తంటా ఈ అల్లిక వల్లే వస్తుంది. దానికే ఘోస్టింగ్ అని పేరు.

ఈ షీట్లు ఎంత అందంగా ఉంటాయంటే, దీపానికి ఎదురుగా పట్టుకున్నప్పుడు ప్రాజెక్టు మార్చేద్దామా అనిపించింది. మార్చలేదు. అవి అచ్చులోంచి అలాగే వచ్చాయి. ఏ మనిషి వేలూ వాటిని నేరుగా తాకలేదు. గొట్టంలా చుట్టి పక్కన పెట్టాను.

సర్క్యూట్ బోర్డుల జోలికి వెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని కట్టడి చేసే రోస్ నిబంధనలు యూరప్‌లో 2006 జులైలో అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు తయారైన బోర్డుల సోల్డర్‌లో, అంటే భాగాల్ని అతికించే లోహంలో, సీసం ఉంటుందనే అనుకోవాలి. పాత ప్లాస్టిక్ పెట్టెల్లో మంటను ఆపడానికి కలిపిన బ్రోమిన్ రసాయనాలు ఉండే అవకాశం ఎక్కువ. వేడితో వంచడం, కాల్చి కోయడం లాంటివి ఈ సామానుతో వద్దే వద్దు. రుద్దాల్సి వస్తే మాస్కు పెట్టుకోవాలి, తడిగుడ్డ దగ్గర ఉంచుకోవాలి.

గురువారం. ఎవరి వేళ్లు

కీలు ఊడదీసే ముందు ఒక్కో కీబోర్డునీ దీపం కింద ఏటవాలుగా పెట్టి ఫొటో తీస్తున్నాను. ఒకసారి కలిసిపోయాక ఏ కీ ఎక్కడిదో చెప్పలేం.

ఈ పని గంటలు తినేస్తోంది. కారణం, చదవడం మొదలుపెట్టాక ఆగబుద్ధి కాదు. ఒకదానిలో కుడివైపు అంకెల గడి మొత్తం అద్దంలా ఉంది. అక్షరాలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. లెక్కలు ఎక్కించడమే ఆ మనిషి పని. ఇంకోదానిలో కంప్యూటర్ ఆటల్లో కదలడానికి వాడే డబ్ల్యూ, ఏ, ఎస్, డీ నాలుగే అరిగి చుట్టూ ఏమీ లేదు. అది ఆఫీసు కీబోర్డే, ఆఫీసు పని మాత్రం కాదు. మరోదానిలో ఎడమ కంట్రోల్, సీ, వీ: కాపీ, పేస్ట్. దాని గురించి చెప్పేదేముంది.

ఎడమ షిఫ్ట్ బాగా అరిగి, కుడి షిఫ్ట్ పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు ఉండటం కుప్పలో సగానికి పైగా కనిపించింది. బ్యాక్‌స్పేస్ మెరవని కీబోర్డు ఒక్కటీ తగల్లేదు.

అక్షరాల్లో ‘ఈ’ (E) దాదాపు ప్రతిచోటా ముందుంది. ఇంగ్లీషు రాతలో దాని వాటా సుమారు 12.7 శాతం కాబట్టి అందులో వింత లేదు. రెండు కీబోర్డుల్లో మాత్రం ‘ఏ’ (A) దాన్ని దాటేసింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. మన గుణింతానికి తలకట్టు దగ్గర్నుంచి ‘ఏ’ కావాలి, దీర్ఘమైతే రెండు కావాలి. భారతీయ లిపుల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో రాసేవాళ్ల కీబోర్డు దొరికితే ఈ లెక్క మళ్లీ మారుతుంది. అందులో అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. నా కుప్పలో అలాంటిది ఉన్నా దాన్ని గుర్తుపట్టే మార్గం నాకు లేదు.

శనివారం. కడగాలా, వద్దా

మట్టి కూడా గుర్తే కదా, కడిగితే సగం కథ పోతుంది కదా అనే వాదన నాలోనే ఒకటి నడిచింది. చివరికి కడగడమే గెలిచింది. కారణం నైతికం కాదు, కొలతకి సంబంధించింది. వేళ్ల జిడ్డు కూడా వెలుతురులో మెరుస్తుంది. అరుగుదల మెరుపు ఏదో, జిడ్డు మెరుపు ఏదో తేల్చాలంటే జిడ్డు పోవాలి. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్, తర్వాత గుడ్డ మీద బోర్లించి ఆరబెట్టడం. మరీ వేడినీళ్లు పోయకూడదు, ఏబీఎస్ అనే ప్లాస్టిక్ వంకర తిరుగుతుంది.

కీల ప్లాస్టిక్ ముఖ్యంగా రెండు రకాలు. ఏబీఎస్ చవక, అచ్చుపోయడం తేలిక, త్వరగా నునుపవుతుంది. పీబీటీ గట్టిది, గరుకును ఏళ్ల తరబడి నిలుపుకుంటుంది. ఐబీఎం 1985లో తెచ్చిన మోడల్ ఎం కీబోర్డు కీలు పీబీటీవే. అందుకే అవి ఇప్పటికీ ముసలితనం కనిపించకుండా తిరుగుతున్నాయి. నా నియమానికి ఇది చిక్కు తెచ్చింది. ఒకే మనిషి ఒకే లెక్కన నొక్కినా ఏబీఎస్ కీ ఎడమకి, పీబీటీ కీ కుడికి పోతాయి. అంటే పట్టీ చూపించేది వేళ్ల శ్రమ ఒక్కటే కాదు, ప్లాస్టిక్ మొండితనం కూడా. విడదీద్దామా అని ఆలోచించి, ఇప్పటికి పీబీటీ కీలను వేరే డబ్బాలో ఉంచాను. అవి వేరే పట్టీ అవుతాయి, లేదా అసలు ఉండవు.

పసుపెక్కిన కీల సంగతి ఇంకొకటి. ఏబీఎస్‌లోని బ్యుటాడైన్ భాగం వెలుతురుకీ గాలికీ మారిపోవడం వల్ల ఆ రంగు వస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించి అల్ట్రావయలెట్ వెలుతురులో ఉంచితే తెల్లబడుతుంది. 2008 ప్రాంతం నుంచి పాత కంప్యూటర్ల అభిమానుల్లో ఇది రెట్రోబ్రైట్ పేరుతో పాకింది. నేను చేయడం లేదు. గోడ మీది కాగితంలో మూడోది రంగు వేయకూడదని కదా, రంగు తీయడమూ అందులోకే వస్తుందని నా లెక్క.

సోమవారం. మెరుపుని కొలవడం

కంటితో పేరిస్తే మొదటి పాతిక కీలు, చివరి పాతిక కీలు సులువుగా తేలతాయి. నడిమివి మాత్రం ప్రతి రాత్రీ ఒక్కో వరసలోకి వస్తాయి. అలసిన కన్ను అన్నీ సమానమే అంటుంది. కాబట్టి యంత్రం కావాలి.

పెయింట్ల తయారీలో మెరుపుని కొలవడానికి వాడే గ్లాస్ (gloss) మీటర్లు ఉంటాయి. సాధారణంగా 60 డిగ్రీల కోణంలో వెలుతురు పంపి, అదే కోణంలో తిరిగొచ్చేదాన్ని కొలుస్తాయి. అవి ఇక్కడ పనికిరావు. వాటికి చదునైన, కాస్త వెడల్పైన తలం కావాలి. కీ పైభాగం చిన్నది, పైగా నిలువునా పల్లంగా ఉంటుంది.

ఆ పల్లమే దారి చూపించింది. పొడవాటి ఎల్‌ఈడీ దీపం కింద పెడితే ప్రతి కీ నడుమా ఓ మెరుపు గీత పడుతుంది. బాగా అరిగిన కీ మీద అది సన్నగా, పదునుగా, తెల్లగా ఉంటుంది. గరుకు కీ మీద వెడల్పుగా, మసగ్గా పరుచుకుంటుంది. కొలవాల్సింది కీ ఎంత తెల్లగా ఉందన్నది కాదు, ఆ గీత ఎంత పదునుగా ఉందన్నది.

ఏర్పాటు ఇలా ఉంది. చెక్క దిమ్మలో కీ కూర్చోవడానికి ఓ గుంట. ఫోను ఒక స్టాండుకి, దీపం ఇంకో స్టాండుకి బిగించి ఉన్నాయి, రెండూ కదలవు. గదిలో వేరే వెలుతురు ఉండదు. ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ చేత్తో లాక్ చేయాలి. ఫోనుకి వదిలేస్తే ప్రతి కీనీ బాగా చూపించాలని ప్రయత్నించి కొలతంతా చెడగొడుతుంది. ఒక్కో కీకి రెండు ఫొటోలు: దీపం అద్దపు కోణంలో ఉన్నప్పుడు ఒకటి, పక్కనుంచి ఉన్నప్పుడు ఒకటి. మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసేస్తే ప్లాస్టిక్ సొంత రంగు దాదాపు పోయి మెరుపు మిగులుతుంది. లేత గోధుమరంగు కీనీ నల్లకీనీ ఒకే తక్కెడలో పెట్టడానికి ఇంతకన్నా సులువైన ఉపాయం నాకు దొరకలేదు.

వరసలు చేసే చిన్న ప్రోగ్రాం రాశాను. అది గీత వెడల్పునీ, నడిమి వెలుతురునీ చూసి ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెకు ప్రమాణం ఏమీ లేదు. పక్క కీతో పోల్చడానికి పనికొస్తే చాలు.

బుధవారం. వాలు

ఒకటే పొడవాటి పట్టీ అనుకున్న ఆలోచన ఈరోజుతో పోయింది. అలా పోవడమే మంచిదైంది.

డెస్క్‌టాప్ కీబోర్డు కీలన్నీ ఒకే ఆకారంలో ఉండవు. పక్కనుంచి చూడండి: పై వరసల కీలు టైపు చేసేవాళ్ల వైపు వాలి ఉంటాయి, కింది వరసలవి అవతలికి వాలతాయి. వేళ్లు చాపినా ముడిచినా సరిపోయేలా మొత్తం ఓ లోతులేని దోనెలా కనిపిస్తుంది. కీ విడిగా చేతిలో ఉన్నప్పుడు ఇది తెలియదు. వేర్వేరు వరసల కీలని పక్కపక్కన నిలబెట్టి ఒకే దీపం వేస్తే మాత్రం గందరగోళం అయిపోతుంది. అరిగిన ‘ఎన్’ చీకట్లో ఉంటుంది, కొత్త ‘8’ వెలిగిపోతుంది. కొలతలో సరిగ్గా వచ్చిన వరస గోడ మీద తప్పుగా కనిపిస్తుంది.

ప్రతి కీ కింద చిన్న ముక్క పెట్టి వాలు సరిచేయొచ్చు. కొన్నింటికి చేసి చూశాను, కుదిరింది కూడా. కానీ అప్పుడు కీల అంచులు ఎగుడుదిగుడుగా వచ్చి కన్ను వాటి మీదే తిరుగుతోంది. పైగా ఆ వాలు కీబోర్డుదే, నేను సరిచేయాల్సిన లోపం కాదు.

కాబట్టి వరసకో పట్టీ. ఫంక్షన్ కీల వరస, అంకెల వరస, క్యూతో మొదలయ్యే వరస, ఏతో మొదలయ్యే వరస, జెడ్‌తో మొదలయ్యే వరస, అడుగు వరస. ఆరు పట్టీలు, ఒకదాని కింద ఒకటి. ప్రతి పట్టీలోనూ వాలు ఒక్కటే కాబట్టి దీపం అబద్ధం చెప్పదు. కుడివైపు అంకెల గడి కీలు కూడా తమ తమ వరసల వాలుతోనే అచ్చుపోసి ఉంటాయి, అందుకని అవీ వాటిలోనే కలుస్తాయి. రెండు వరసల ఎత్తుండే ప్లస్, ఎంటర్ మాత్రం బయటికి.

కీబోర్డుని పూర్తిగా విప్పి, కలిపి, నియమం ప్రకారం పేరిస్తే తిరిగి కీబోర్డు ఆకారమే వచ్చింది. నేను కోరుకున్నది కాదు. వద్దనడానికి కారణమూ లేదు.

శుక్రవారం. ఏం రాశావ్?

రెండు పట్టీలు బల్ల మీద పరిచి ఉండగా స్నేహితుడు వచ్చాడు. వంగి, ఎడమనుంచి కుడికి వేలు జరుపుతూ చూసి, “ఏంట్రా ఇది, ఏం రాశావ్?” అన్నాడు. ఏమీ రాయలేదన్నాను. “ఉండు, ఇక్కడ ఏదో ఉంది” అని ఇంకాసేపు వెతికాడు. మూడక్షరాల ఇంగ్లీషు మాటలు రెండు దొరికించుకున్నాడు కూడా.

ఇది నేను ఎదురుచూస్తున్న ఇబ్బందే. అక్షరం కనిపిస్తే చదవకుండా ఉండటం చదువొచ్చిన మనిషికి కష్టం. కీలని తలకిందులు చేయొచ్చు. అప్పుడు మెడ వంచి చదువుతారు. అక్షరాలు గీకేయొచ్చు. దాంతో మెరుపు కూడా పోతుంది. వెనక్కి తిప్పి పెడితే చూడ్డానికేమీ మిగలదు. చాలా చవక కీబోర్డుల్లో అక్షరం పైపైన అచ్చువేసిందే, అరిగినకొద్దీ అదే పోతుంది. పట్టీ ఎడమ చివర అలా ఖాళీ అయిపోయిన కీలు సహజంగానే చేరాయి. రెండు రంగుల ప్లాస్టిక్‌ని ఒకదానిలో ఒకటి పోసి చేసిన డబుల్ షాట్ కీల మీద మాత్రం అక్షరం ఎన్నేళ్లయినా పోదు. అది కీ మందం అంతా దిగి ఉంటుంది.

దీపంతో ప్రయత్నించాను. పై నుంచి వేస్తే అక్షరాలు ముందు కనిపిస్తాయి. కిందికి దించుతూ, గోడకి బాగా దగ్గరగా, ఏటవాలుగా వేస్తే ఒక దగ్గర అక్షరం మసకబారి మెరుపు ముందుకొస్తుంది. ఆ కోణంలో మూడడుగుల దూరం నుంచి చూసేవాళ్లకి ఎడమనుంచి కుడికి ఆరిపోతున్న వెలుతురే కనిపిస్తుంది. దగ్గరికొస్తే అక్షరాలు కనిపిస్తాయి. చదువుకోనీ. ఎఫ్, జె కీల మీద వేలికి గుర్తు తెలియడానికి ఉండే బుడిపెలు కూడా ఈ వెలుతురులో చిన్న నీడలు వేస్తున్నాయి. వరసంతా చెదిరిపోయి ఉన్న ఆ నీడలు నాకు నచ్చాయి.

ఆదివారం. స్పేస్ బార్లు

ఇంతవరకు స్పేస్ బార్లు ఓ సంచిలో పడి ఉన్నాయి. పొడవు ఎక్కువ, పట్టీలో ఇమడవు. ఈరోజు ఊరికే నేల మీద ఒకదాని కింద ఒకటి పేర్చి దీపం దించాను.

అరుగుదల స్పేస్ బార్ అంతటా ఉండదు. బొటనవేలు పడే చోట మాత్రమే, కోడిగుడ్డు ఆకారంలో ఓ మచ్చ ఉంటుంది. చేతులు రెండు ఉన్నా దాదాపు అందరూ ఒకే బొటనవేలు వాడతారు. ఎక్కువమందిది కుడిది. బార్లన్నీ వరసగా పెట్టేసరికి ఆ మచ్చలు నడిమికి కాస్త కుడిగా నిలువు బాటలా కట్టాయి. కొన్ని కుడికి జరిగాయి, కొన్ని ఎడమకి. ఒక్కోటీ ఒక్కో అరచేతి వెడల్పు. అక్కడక్కడా ఎడమ బొటనవేలివాళ్లు తగులుతారు. ఒకే ఒక్క బార్ మీద రెండు మచ్చలున్నాయి, దాన్ని ఎక్కువసేపు చూశాను. ఇద్దరు పంచుకున్న కీబోర్డో, పద్ధతిగా టైపు నేర్చుకున్న ఒక్క మనిషో.

ఆరు పట్టీలకి పట్టిన శ్రమలో పదో వంతు కూడా దీనికి పట్టలేదు. పనిగా మాత్రం ఇదే బలంగా ఉంది. అక్షరం లేదు కాబట్టి చదవడానికేమీ లేదు. వాలు సమస్య లేదు. నియమం కూడా అక్కర్లేదు, వరస ఎలా ఉన్నా బాట కడుతుంది. కాస్త ఈర్ష్యగా ఉంది, ఆ ఆరు పట్టీల తరఫున.

ఇంకో వివరం. అక్షరాల కీలు తెల్లగా ఉండి స్పేస్ బార్ ఒక్కటే పసుపెక్కిన కీబోర్డులు కొన్ని ఉన్నాయి. పీబీటీ చల్లారేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది. పొడవాటి ముక్క దానితో పోస్తే వంకర వస్తుంది. అందుకని కీలన్నీ పీబీటీతో చేసి, బార్ మాత్రం ఏబీఎస్‌తో చేసేవాళ్లు. రంగు తేడా బయటపడటానికి ఏళ్లు పట్టింది.

మంగళవారం. జిగురు లేకుండా

ఏబీఎస్‌ని అంటించడానికి అందరూ చెప్పే మందు అసిటోన్. నాకు అదే శత్రువు. అసిటోన్ ఆవిరి తగిలితే ఏబీఎస్ పైపొర కరిగి తనంతట తనే నునుపవుతుంది. 3డీ ప్రింట్లని మెరిపించడానికి కావాలని అలా చేస్తారు. ఇక్కడ అది దొంగ అరుగుదల అవుతుంది. సూపర్ గ్లూ ఇంకో రకంగా చెడుపు చేస్తుంది. దాని ఆవిరి చుట్టుపక్కల తెల్లటి పొడిలా పేరుకుని మెరుపుని చంపేస్తుంది. ఒకటి లేని మెరుపు తెస్తుంది, ఇంకోటి ఉన్నది తీస్తుంది.

మందమైన ఈవీఏ ఫోమ్ (మెత్తటి నురుగు ప్లాస్టిక్) షీటుకి రంధ్రాలు కొట్టి, కీ కింది కాడని అందులోకి దిగ్గొడుతున్నాను. రంధ్రం కాడ కన్నా కొంచెం చిన్నగా ఉంటే పట్టు నిలుస్తుంది. కాడలు ఒక్కో కంపెనీకి ఒక్కో ఆకారం: గుండ్రటివి, నలుచదరపువి, మెకానికల్‌వాటికి ప్లస్ గుర్తులా గుంట ఉన్నవి. ఫోమ్ ఇవన్నీ భరిస్తుంది. రంధ్రానికీ రంధ్రానికీ దూరం 19.05 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. మామూలు కీబోర్డుల్లో ఏళ్లుగా ఉన్న ఎడం అదే. పెద్ద కీలకు మాత్రం రెండు కాడల చొప్పున చూసుకోవాలి. ఇలా బిగిస్తే ఎప్పుడైనా తీసి వరస మార్చొచ్చు కూడా.

గురువారం. లైట్లు, ఇప్పటికి వద్దు

పక్కన పడి ఉన్న కంట్రోలర్ బోర్డులతో ఒక సాయంత్రం ఆడాను. క్యాప్స్ లాక్ లైటు వెలిగించాలా వద్దా అన్నది నిర్ణయించేది కీబోర్డు కాదు, కంప్యూటరు. అందుకే విండోస్‌లో రెండు మూడు యూఎస్‌బీ కీబోర్డులు తగిలించి ఒకదానిలో క్యాప్స్ లాక్ నొక్కితే అన్నిటి లైట్లూ ఒకేసారి వెలుగుతాయి. హబ్‌కి బోర్డులు వరసగా తగిలించి చూస్తే బాగుంది. బాగుండటమే ఇబ్బంది. పక్కన లైటు మిణుకుమంటుంటే మెరుపు పట్టీని ఎవరు చూస్తారు? ఇది ఇంకో పని. డబ్బాలో పెట్టి మూత వేశాను.

ఆదివారం. గోడ మీద

ఆరు పట్టీలూ ఎక్కాయి. బల్ల మీద కనిపించని సంగతి గోడ మీద కనిపించింది. అక్షరాల పట్టీలు మూడింటిలో మెరుపు సమానంగా ఆరిపోవడం లేదు. ‘ఏ’ వరస పట్టీలో సగం లోపే మసకబారుతోంది. ‘జెడ్’ వరసది ఇంకా ముందే. ‘క్యూ’ వరసది మాత్రం చాలా దూరం వెలుగుతూ పోతోంది.

వేళ్లు ఆనించి కూర్చునే వరస మధ్యది. పని మాత్రం పై వరసది. ఈ, టీ, ఓ, ఐ, ఆర్, యూ అన్నీ అక్కడే ఉన్నాయి. ఇంగ్లీషు రాతలో సుమారు సగం అక్షరాలు ఆ ఒక్క వరసవే. ఈ అమరిక టైప్‌రైటర్ నాటిది. క్రిస్టఫర్ షోల్స్‌కి 1878లో వచ్చిన పేటెంట్ బొమ్మలో దాదాపు ఇదే రూపంలో కనిపిస్తుంది. మధ్య వరసకే ఎక్కువ పని అప్పగించాలని ఆగస్ట్ డ్వొరాక్ 1936లో వేరే అమరికకి పేటెంట్ తెచ్చుకున్నాడు, జనం వైపు నుంచి మాత్రం అది గెలవలేదు. ఆ వాదనలో ఎవరు ఒప్పన్నది నా పట్టీలు తేల్చవు. ఎక్కడ ఎంత నొక్కారన్నది చెబుతాయి.

బుధవారం. పేరు పలక

పక్కన పెట్టే చిన్న పలకలో ఏం రాయాలన్న దగ్గర పని ఆగింది. నియమం ఒక్క వాక్యమే, అది రాస్తే చాలు. చిక్కు ఎక్కడంటే, కాన్సెప్చువల్ అన్నాక పని నియమంలో ఉన్నట్టా, గోడ మీద ఉన్నట్టా? లెవిట్ గోడ చిత్రాన్ని సున్నం కొట్టి చెరిపేసి, సూచనల ప్రకారం ఇంకోచోట మళ్లీ గీయొచ్చు. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా 2010లో ‘ఎట్’ (@) గుర్తుని తన సేకరణలోకి తీసుకుంది. రే టాంలిన్సన్ 1971లో ఈమెయిల్ చిరునామాకి వాడుకున్న గుర్తు. మ్యూజియం చేతికి వచ్చిన వస్తువేమీ లేదు, అది ఎవరి కీబోర్డు మీదైనా ఉంది.

నా నియమాన్ని ఎవరైనా తమ కుప్పతో చేసుకోవచ్చు, సంతోషం. కానీ వాళ్లకి వచ్చేది వేరే పని. ఈ పట్టీలు పోతే ఇవి మళ్లీ రావు. ఆ ‘ఈ’ని అరగదీసిన మనిషిని పిలిచి మళ్లీ అన్నేళ్లు టైపు చేయమనలేం. అందుకని పలక మీద నియమంతో పాటు ‘వాడినవారు: తెలియదు’ అని రాస్తున్నాను. కళాకారుడి పేరు రాసే జాగాలో.

శనివారం. తాకే పట్టీ

అన్నిటికన్నా కుడి చివర మిగిలినవాటితో ఏం చేయాలో ఇప్పుడు తేలింది. స్క్రోల్ లాక్, పాజ్. 1981 నాటి ఐబీఎం పీసీలో స్క్రోల్ లాక్‌కి పని ఉంది: అది నొక్కితే బాణం కీలు కర్సర్‌ని కాకుండా తెరని జరపాలి. ఎక్సెల్‌లో ఇప్పటికీ అలాగే చేస్తుంది, అదీ ఎక్కువగా పొరపాటున నొక్కినప్పుడు. కుప్పలోని స్క్రోల్ లాక్‌లన్నీ అచ్చులోంచి వచ్చిన గరుకుతోనే ఉన్నాయి.

వీటిని ఫోమ్‌లో గుచ్చలేదు. పాత కీబోర్డుల గొట్టాలున్న ముక్కలు కోసి, వాటి డోమ్‌ల మీదే కూర్చోబెట్టాను. నొక్కితే దిగుతాయి, లేస్తాయి. ఆరు పట్టీలకీ ‘తాకవద్దు’. దీనికి మాత్రం ‘నొక్కండి’. రష్యాలోని యెకాతెరిన్‌బర్గ్‌లో ఇసెత్ నది ఒడ్డున అనతోలీ వ్యాత్కిన్ 2005లో కాంక్రీటుతో కట్టిన పెద్ద కీబోర్డు మీద జనం ఎక్కి నడుస్తారు, కీల మీద కూర్చుంటారు. అక్కడ తాకడం అంటే సరదా. ఇక్కడ తాకితే కొలతలోకి వస్తారు. ప్రదర్శనకి ముందు ఈ పట్టీలో ప్రతి కీకీ ఆ రెండు ఫొటోలూ తీసి పెట్టాను, ముగిశాక అదే దిమ్మ మీద, అదే దీపం కింద మళ్లీ తీస్తాను.

మిగిలింది పెట్టె. పట్టీలని ఎదురెదురుగా పెట్టి మోస్తే కీలు ఒకదానికొకటి రాసుకుని దారిలోనే కొత్త మెరుపు తెచ్చుకుంటాయి. కాబట్టి ప్రతి పట్టీకీ అంచుల దగ్గర మాత్రమే ఆనే చట్రం కావాలి. పైభాగాన్ని ఏదీ తాకకుండా వేలెడు ఖాళీ ఉండాలి. ప్లైవుడ్ కోతకి ఇచ్చాను.